మా ఎంపీ ఎటు ఓటేశారంటే

"వీసా రూల్స్ మారిన ప్రతిసారీ మీవాళ్ళంతా మీలో మీరే బాధపడతారు. మీ ఎంపీ ఎటు ఓటేశారో ఎప్పుడైనా చూశారా?" అని బ్రిటన్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఇంగ్లిష్ సహోద్యోగి ఒకావిడ ఈమధ్య కాస్త కటువుగానే అడిగారు. ఆ మాట నన్ను వదల్లేదు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం ఇక్కడ పుట్టిపెరిగిన చాలామందికే తెలియదు. మా ఎంపీ ఎటూ ఓటేయలేదు. అసలు ఓటింగే జరగలేదు.

స్కిల్డ్ వర్కర్ వీసాకి జీతం ఎంతుండాలి, భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చా, ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండేందుకు అనుమతి) ఎన్నేళ్ళకి వస్తుంది, ఇలాంటివి దాదాపు ఏవీ చట్టంలో ఉండవు. అన్నీ ఇమ్మిగ్రేషన్ రూల్స్‌లోనే. వాటిని మార్చాలంటే 1971 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం 3(2) సెక్షన్ కింద హోమ్ మంత్రి 'స్టేట్‌మెంట్ ఆఫ్ ఛేంజెస్' అనే పత్రాన్ని పార్లమెంటు ముందు పెడితే చాలు. 40 రోజుల్లో రెండు సభల్లో ఏదో ఒకటి తిరస్కరిస్తూ తీర్మానం చేయకపోతే అది అలాగే అమల్లో ఉండిపోతుంది. చట్టానికి ఉన్నట్టు మూడు రీడింగులు, కమిటీలో పేరా పేరా చర్చ, సవరణలు ఏమీ ఉండవు. ఒక్క అక్షరం మార్చమని అడిగే వీలు కూడా లేదు. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, కాదంటే మొత్తం కాదనాలి.

పత్రం పెట్టిన రోజుకీ అమల్లోకి వచ్చే రోజుకీ మధ్య మామూలుగా 21 రోజులు ఇస్తారు. అది ఆనవాయితీయే గానీ చట్టం కాదు. కేర్ వర్కర్లు (వృద్ధుల్నీ, రోగుల్నీ చూసుకునేవాళ్ళు) కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్న మార్పును 2024 ఫిబ్రవరి 19న సభ ముందు పెట్టి మార్చి 11న అమలు చేశారు. స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉండాల్సిన కనీస జీతాన్ని 38,700 పౌండ్లకి పెంచిన పత్రం మార్చి 14న వచ్చి ఏప్రిల్ 4న అమలైంది. ఆ జీతాన్ని 41,700కి పెంచి, డిగ్రీ స్థాయి లేని ఉద్యోగాల్లో ఎక్కువ వాటిని వీసా అర్హత నుంచి తీసేసి, విదేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకోవడం ఆపేసిన పత్రం 2025 జూలై 1న వచ్చింది, 22న అమలైంది. మూడింటికీ లెక్కపెట్టినట్టు 21 రోజులే. అంటే అభ్యంతరానికి ఉన్న 40 రోజుల గడువు సగం దాటగానే రూలు అమల్లో ఉంటుంది. తాళి కట్టాక జాతకాలు చూసినట్టు. పైగా 2025లో ఆ జూలై 22నే కామన్స్ సభ (ఎంపీలుండే దిగువ సభ) వేసవి సెలవులకి లేచి, మళ్ళీ సెప్టెంబరు 1న కూర్చుంది. రెండు సభలూ నాలుగు రోజులకి మించి సెలవులో ఉంటే ఆ రోజుల్ని 40లో కలపరు. అంటే గడువు లెక్క ఆగుతుంది, రూలు మాత్రం ఆగదు.

మరి ఓటింగ్ ఎందుకు పెట్టరు? ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. ఏ ఎంపీ అయినా తిరస్కరణ తీర్మానం నోటీసు ఇవ్వచ్చు. కానీ దాన్ని సభలో ఎత్తడానికి సమయం కావాలి, ఆ సమయం ప్రభుత్వం చేతిలో ఉంది. కామన్స్ 14వ స్టాండింగ్ ఆర్డర్ (సభా నియమం) ప్రకారం ప్రతి సమావేశంలోనూ ప్రభుత్వ కార్యక్రమానిదే ముందు వంతు. ప్రతిపక్షాలకి సెషన్‌కి 20 రోజులు కేటాయిస్తారు. అందులో 17 ప్రధాన ప్రతిపక్షానివి, మూడు రెండో పెద్ద ప్రతిపక్షానివి. వలసదారుల కోసం వాళ్ళు తమ రోజొకటి ఖర్చుపెడతారని ఆశపడలేం. ప్రభుత్వం దయతలచి కమిటీకి పంపినా, అక్కడ ప్రశ్న 'కమిటీ దీన్ని పరిశీలించింది' అన్నంతవరకే. అక్కడ ఓడినా రూలుకి ఏమీ కాదు.

ప్రభుత్వం సభలో ఓడిన సందర్భాలు లేకపోలేదు. 1972 నవంబరులో ప్రధాని హీత్ ప్రభుత్వం ఇమ్మిగ్రేషన్ రూల్స్ మీద 35 ఓట్ల తేడాతో ఓడింది. 1982 డిసెంబరులో థాచర్ ప్రభుత్వానికీ అదే అనుభవం ఎదురైంది. రెండుసార్లూ సొంత పార్టీ వాళ్ళే తిరగబడ్డారు. అయితే ఓడినంత మాత్రాన రూలు దానంతటదే రద్దవదు. 'అవసరమని మంత్రికి తోచిన మార్పులు' చేసి మళ్ళీ పెట్టాలని మాత్రమే చట్టం అంటుంది.

ఇదంతా చదువుతుంటే మన జీవోలే గుర్తొస్తాయి. మన దగ్గరా రాత్రికి రాత్రి జీవో వస్తుంది, నిజమే. కేంద్ర చట్టాల కింద చేసే రూల్స్‌ని 30 రోజులు పార్లమెంటు ముందు పెట్టడం మనకీ ఉంది, అదీ చాలావరకు లాంఛనమే. కానీ మన ఊళ్ళో పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటికెళ్ళి కూర్చోవచ్చు, సోమవారం కలెక్టరేట్‌కి అర్జీ పట్టుకెళ్ళవచ్చు. ఎమ్మెల్యే అక్కడికక్కడే ఫోను తీసి అధికారిని నిలదీస్తాడు. పని కాకపోయినా మన గోడు ఒకరు విన్నారన్న తృప్తి మిగులుతుంది. ఇక్కడ ఎంపీ 'సర్జరీ'కి, అంటే నియోజకవర్గం జనాన్ని కలిసే వేళకి, వెళితే ఎంతో మర్యాదగా వింటారు, మంత్రికి ఉత్తరం రాస్తామంటారు. వారాల తర్వాత మంత్రి గారి జవాబు నకలు వస్తుంది. అందులో మనకి ముందే తెలిసిన రూలే మళ్ళీ ఉంటుంది.

అయినా నా సహోద్యోగి మాటలోని సగం నిజాన్ని ఒప్పుకోవాలి. భారత పౌరులకి కామన్‌వెల్త్ పౌరులుగా ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా ఏదైనా సరే, 18 నిండి ఇక్కడ నివాసముంటే చాలు. పోలింగ్‌కి 12 పనిదినాల ముందే ఆన్‌లైన్‌లో నమోదు కావాలి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. బూత్‌లో ఫోటో గుర్తింపుగా మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. కేర్ హోముల్లో రాత్రి షిఫ్టులు చేసే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఎంపీకి రాసేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్నున్నాయి. చిరునామా, పోస్ట్‌కోడ్ లేకపోతే మీరు ఆ నియోజకవర్గం వారో కాదో తెలియక పక్కన పెడతారు. పది మంది ఎంపీలకి ఒకే ఈమెయిల్ పంపితే ఒక్కరూ పట్టించుకోరు, ఎవరి నియోజకవర్గం వాళ్ళనే చూడటం ఇక్కడి పద్ధతి. 'వ్యతిరేకంగా ఓటేయండి' అని అడగడం వృథా, ఓటింగ్ ఉండదు గనక. పత్రం వచ్చిన మొదటి వారంలోనే, ఫలానా పేరా వల్ల ఫలానా నష్టమని చెప్పి, మంత్రికి లిఖితపూర్వక ప్రశ్న వేయమనండి. తేదీ నిర్ణయించి అడిగే 'నేమ్డ్ డే' ప్రశ్న అయితే ఆ తేదీకల్లా జవాబు రావాలి.

పత్రాన్ని వార్తల్లో కాదు, సొంతంగా చదవాలి. ఎక్కువ భాగం 'ఫలానా పేరాలో ఈ మాట తీసి ఈ మాట చేర్చాలి' అన్న ధోరణిలో ఉంటుంది, పాత రూలు పక్కన పెట్టుకుంటే తప్ప తలాతోకా తెలియదు. ముందుగా చూడాల్సింది 'ఇంప్లిమెంటేషన్' అన్న భాగం. ఏ తేదీలోపు దరఖాస్తు పెట్టినవాళ్ళకి పాత రూలు వర్తిస్తుందో అక్కడ ఉంటుంది. ఎంతోమంది భవిష్యత్తు ఆ రెండు మూడు వాక్యాల మీద ఆధారపడి ఉంటుంది.

పార్లమెంటుకి ఆన్‌లైన్‌లో పెట్టే పిటిషన్ల మీద మనవాళ్ళకి నమ్మకం ఎక్కువ. సంతకానికి పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ నివాసముంటే చాలు. పదివేలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకి పరిశీలిస్తారు. ఐఎల్ఆర్ గడువు పెంచవద్దన్న పిటిషన్ల మీద 2025 సెప్టెంబరు 8న వెస్ట్‌మినిస్టర్ హాల్లో, అంటే ప్రధాన సభ బయట ఎంపీలు చర్చలు జరిపే వేదిక మీద, చర్చ జరిగింది. ఎంపీలు చాలామందే వచ్చి మాట్లాడారు. కానీ ఆ చర్చలో తీర్మానం 'సభ ఈ పిటిషన్‌ను పరిశీలించింది' అని మాత్రమే. ప్రభుత్వం దేనికీ కట్టుబడనక్కర్లేదు.

మార్చాల్సింది సభ సమయం మీద ప్రభుత్వానికి ఉన్న ఆ గుత్తాధిపత్యాన్ని. 2009లో ఎంపీ టోనీ రైట్ అధ్యక్షతన సభా సంస్కరణల కోసం పనిచేసిన కమిటీ ఆ దారి చూపింది. దాని ఫలితంగా 2010లో బ్యాక్‌బెంచ్ బిజినెస్ కమిటీ వచ్చి మామూలు సభ్యులకి సెషన్‌లో 35 రోజులు దక్కాయి. కానీ సభ అజెండా మొత్తాన్ని సభే నిర్ణయించుకునే హౌస్ బిజినెస్ కమిటీని, అప్పటి బ్రిటన్ కూటమి ప్రభుత్వం మాటిచ్చి కూడా పెట్టలేదు. సభ పద్ధతుల్ని మెరుగుపరచడానికి 2024లో మళ్ళీ ఏర్పడిన మోడర్నైజేషన్ కమిటీని ఎంపీల ద్వారా అడగాల్సింది పెద్దదేమీ కాదు. తిరస్కరణ తీర్మానం మీద చెప్పుకోదగ్గ సంఖ్యలో ఎంపీలు సంతకం చేస్తే, రూలు అమల్లోకి వచ్చేలోపే సభలో గంటన్నర చర్చ, దాని చివర ఓటు తప్పనిసరి చేయాలి.