కామా కూడా మార్చే వీల్లేని తీర్మానం

శాసనసభ సచివాలయంలో నా సర్వీసు చాలావరకు బిల్లులు, తీర్మానాల మధ్యే గడిచింది. రాజ్యాంగ సవరణను ధ్రువీకరించే ఫైలు మాత్రం అరుదుగా వస్తుంది. అలా వచ్చినవాటిలో అందరికీ గుర్తుండేది జీఎస్టీ.

2016 ఆగస్టు 3న రాజ్యసభ, 8న లోక్‌సభ ఆ బిల్లును పాస్ చేశాయి. కేంద్రానికి, రాష్ట్రాలకి అధికారాలు పంచే ఏడో షెడ్యూల్లో జాబితాలు మారుతున్నాయి. పెట్రోలు, డీజిలు, మద్యం లాంటివి తప్ప అమ్మకం పన్ను రాష్ట్రాల చేతిలోంచి పోతోంది. అలాంటి సవరణకి పార్లమెంటు ఒక్కటే ఊ అంటే చాలదు. 368వ అధికరణం ప్రకారం కనీసం సగం రాష్ట్రాల చట్టసభలు తీర్మానం చేశాకే బిల్లు రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాలి. అందరికంటే ముందు అస్సాం ఆగస్టు 12న చేసేసింది. మా తెలంగాణ సభ 30న ప్రత్యేకంగా కూర్చుంది.

మా తలనొప్పంతా ఒకే ఒక్క వాక్యంతో. 'జీఎస్టీకి ఈ సభ మద్దతు తెలుపుతోంది' అంటే సరిపోదు. పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించిన రూపంలోని రాజ్యాంగ (నూట ఇరవై రెండవ సవరణ) బిల్లు, 2014 ద్వారా చేయదలచిన, 368వ అధికరణం రెండో ఖండం మినహాయింపు పరిధిలోకి వచ్చే సవరణను ఈ సభ ధ్రువీకరిస్తోంది - ఇదీ వరస. చదివేవాళ్లకి ఊపిరాడదు, కానీ ఏ ముక్కా తీసేయలేం. 'ఆమోదించిన రూపంలోని' అన్నది మరీ ముఖ్యం. 2015 మేలో లోక్‌సభ పాస్ చేసిన ప్రతిలో 1 శాతం అదనపు పన్ను ఉంది. తర్వాత రాజ్యసభలో అది పోయింది. పాత ప్రతులు మా బల్లల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఏరి పక్కన పడేసి, కొత్తదాన్ని పేజీ పేజీ సరిచూసుకున్నాం. చట్టమయ్యాక అదే 101వ సవరణ అయింది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు 122, 101 దగ్గర ఇప్పటికీ తికమకపడుతుంటారు.

సభకు ముందు ఒక ఎమ్మెల్యేగారి పీఏ వచ్చి, "సవరణల నోటీసుకి గడువెప్పుడు సార్?" అన్నాడు. గడువు లేదయ్యా, సవరణలే లేవు అన్నాను. సభ ఔననాలి, లేదా కాదనాలి. మధ్యలో కామా కూడా మార్చే వీల్లేదు. అతను నమ్మలేదు. నమ్మకపోవడంలో అతని తప్పేం లేదు, 2014 జనవరి చూసినవాళ్లెవరూ నమ్మరు.

అప్పుడు రాష్ట్ర విభజన బిల్లు సభకొచ్చింది. సభ్యులిచ్చిన సవరణలు వేలల్లో. నంబర్లు వేసీ వేసీ, కట్టలు కట్టీ కట్టీ మా వేళ్లు కాయలు కాశాయి. చివరికి జనవరి 30న ఆ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం అయింది. ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును పాస్ చేసింది. అది కొత్త రాష్ట్రాల ఏర్పాటుకి సంబంధించిన మూడో అధికరణం వ్యవహారం. అక్కడ రాష్ట్రం అభిప్రాయం అడుగుతారంతే, వినాలని లేదు. అన్ని వేల సవరణలూ లెక్కలోకి రాలేదు. జీఎస్టీ విషయంలో మాత్రం ఒక్క వాక్యం, అదీ మనం మార్చలేనిది, ఢిల్లీలో లెక్కలోకి వచ్చింది. నేను సమైక్యవాదినీ కాను, వేర్పాటువాదినీ కాను, ఉద్యోగిని. అయినా చేసిన చాకిరీ గుర్తుకొస్తే చిర్రెత్తేది.

ఆగస్టు 30న సభలో జీఎస్టీ పని తొందరగానే తెమిలింది. వ్యతిరేకించినవాళ్లు లేరు. మనకు మండలి కూడా ఉంది కాబట్టి అదే రోజు అక్కడా ఆమోదం పొందింది. డిస్పాచ్ కుర్రాడు అలవాటుగా రాజ్‌భవన్‌కి కూడా కవరు సిద్ధం చేయబోయాడు. వద్దన్నాను. ఇది బిల్లు కాదు, గవర్నర్ సంతకంతో పని లేదు. ప్రతులు నేరుగా ఢిల్లీకే. సెప్టెంబరు 8న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు.

2021 జులైలో, నేను రిటైరయ్యాక, మా పాత జూనియర్ ఫోన్ చేశాడు. సహకార సంఘాలపై 97వ సవరణలో చాలా భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేసిందట. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోవి, సగం రాష్ట్రాల ధ్రువీకరణ లేకుండా చేశారని కారణం.

"సార్, ఆ బిల్లు మన దగ్గరికి రానే లేదు కదా?" అన్నాడు.

"రాలేదు. అందుకే పోయింది," అన్నాను.