ఒకే కుర్చీలో 103 ఏళ్ళు

మన నాదస్వర పాఠశాల పూర్వ విద్యార్థుల సంచికకు గురువును గురించి ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, నాకు సన్నాయి పట్టుకోవడం నేర్పిన మన గురువుగారిని గురించే రాయాలని మొదట అనుకున్నాను. ఆయనను గురించి నాకన్నా బాగా రాయగలిగిన శిష్యులు ఈ సంచికలోనే చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగినది మరొకటి ఉంది. ఈ బడిలో ఆరేళ్ళు నేర్చుకుని, ఉద్యోగం కోసం అమెరికాలోని ఫిలడెల్ఫియా వెళ్ళిన నాకు, అక్కడ ఓబో అనే వాద్యం వల్ల ఇంకొక గురుపరంపరతో సంబంధం కలిగింది. ఆ పరంపరకు మూలపురుషుడు మార్సెల్ టబూటో. ఆయనను నేను చూడలేదు, నేను పుట్టేనాటికే ఆయన కాలం చేశారు. నాకు నేర్పిన వృద్ధురాలు ఆయన శిష్యునికి శిష్యురాలు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆమె కోరారు కనుక ఈ వ్యాసంలో ఆమెను మా టీచరుగారు అనే అంటాను.

ఓబో మన సన్నాయికి దూరపు చుట్టం. దానికీ నోట పెట్టుకుని ఊదే రెండు ఆకుల పీకే ప్రాణం, దాని గొట్టం కూడా పైన సన్నగా మొదలై కిందికి వెడల్పు అవుతుంది. సన్నాయి ఊరేగింపులకూ గాలిగోపురాల ముందు మండపాలకూ పుట్టిన వాద్యమైతే, ఓబో నూరుమంది మధ్య కూర్చుని వాయించవలసిన వాద్యం. 2003 శీతాకాలంలో ఒక సాయంత్రం నేను మొదటిసారి ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్ళాను. కచేరీ మొదలయ్యే ముందు వేదికంతా నిశ్శబ్దమైపోయింది. ఓబో వాద్యకారుడు ఒక్కరే నిటారైన ఒక స్వరం ఊదగా, మిగిలిన వాళ్ళందరూ ఆ స్వరానికి తమ వాద్యాలను సరిచేసుకున్నారు. సెకనుకు దాదాపు 440 కంపనాలుండే ఆ స్వరం మనకు ఆధారశ్రుతి పట్టే ఒత్తు చేసే పనిని వాళ్ళకు చేస్తుంది. ఒత్తు పట్టిన కుర్రవాడిగానే ఈ బడిలో నా చదువు మొదలైంది కాబట్టి, ఆ క్షణంలో నాకు కలిగిన ఆత్మీయత ఈ సంచిక చదివేవారికి వేరే వివరించనక్కరలేదు.

ఆనాడు ఆ కుర్చీలో కూర్చునేవారు రిచర్డ్ వుడ్‌హామ్స్. 1977 నుంచి 2018 వరకు ఆ ఆర్కెస్ట్రాలో ప్రధాన ఓబో స్థానం ఆయనదే. ఆయనకు ముందు 1954 నుంచి 1977 వరకు అక్కడ కూర్చున్నవారు ఆయన గురువు జాన్ డి లాన్సీ. అంతకుముందు 1915 నుంచి 1954 వరకు, అంటే ఏకంగా 39 ఏళ్ళు, డి లాన్సీకి గురువైన టబూటో కూర్చున్నారు. 103 ఏళ్ళలో ఆ కుర్చీ ముగ్గురినే చూసింది, ఆ ముగ్గురూ వరుసగా గురుశిష్యులు. మన దేవస్థానాల మేళాల్లో తండ్రి తర్వాత కొడుకు, మేనమామ తర్వాత మేనల్లుడు పీటమీదికి రావడం మనకు తెలిసిన సంగతే. రక్తసంబంధమేదీ లేకుండా, పనితనాన్ని బట్టి మాత్రమే మనిషిని ఎంచుకునే చోట ఇలా జరిగిందంటే, మొదట కూర్చున్న ఆ మనిషి ఏమి నేర్పి ఉంటాడని ఆశ్చర్యపోవడం సహజం. నేను ఓబో నేర్చుకోవాలనుకున్నది ఆ ఆశ్చర్యం వల్లనే.

టబూటో ఫ్రాన్సు దేశస్థుడు. 1887 జూలై 2న పారిస్‌కు ఉత్తరాన ఉన్న కాంపియేన్ పట్టణంలో పుట్టారు. పారిస్ కన్జర్వేటరీలో ఆనాటి మహావిద్వాంసుడు జార్జ్ జిలె దగ్గర నేర్చుకుని, 1904లో 17 ఏళ్ళకే ప్రథమ బహుమతి అందుకున్నారు. ఆ మరుసటి ఏడే వాల్టర్ డామ్రోష్ అనే ఆర్కెస్ట్రా నిర్వాహకుడు తన న్యూయార్క్ సింఫనీకి మంచి గాలివాద్యకారులు కావాలని ఫ్రాన్సు వచ్చి ఐదుగురిని ఎంపిక చేసుకున్నారు. వేణువు వాయించే జార్జ్ బారేర్‌తో పాటు ఈ కుర్రవాడూ ఆ ఐదుగురిలో ఉన్నాడు. పైదేశం వాళ్ళను తెచ్చినందుకు స్థానిక వాద్యకారుల సంఘం డామ్రోష్‌కు జరిమానా వేసింది. టబూటో 1908 నుంచి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరాలో నిర్వాహకుడు టోస్కనీనీ చేతికింద పనిచేసి, 1915లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా నిర్వాహకుడు స్టొకోవ్‌స్కీ పిలుపు మీద అక్కడ చేరారు. 1924లో అదే నగరంలో కర్టిస్ సంగీత విద్యాలయం మొదలైనప్పుడు అక్కడ ఓబో ఆచార్యుడయ్యారు. పగలు పాఠం, రాత్రి కచేరీ, ఆ రెండింటి నడుమ దొరికిన వేళంతా పీకలు చెక్కడం, ఇదే ఇంచుమించు మూడు దశాబ్దాల ఆయన జీవితం.

పీకల విషయం మన బడివాళ్ళకు కొంచెం విపులంగా చెప్పాలి. తెలుగులో మనం గొంతుకూ పీక అంటాం, సన్నాయి నోటికీ పీక అంటాం. ఓబో నేర్చుకునేదాకా నేను ఈ మాట గురించి ఆలోచించలేదు. మా టీచరుగారి ఇంటికి వెళ్ళిన మొదటి నాలుగు నెలలు ఆమె నా చేతికి ఓబో ఇవ్వలేదు. ఒక కత్తి, ఒక సానరాయి, దారపు రీలు, చిన్న ఇత్తడి గొట్టాలు, వేలెడు పొడవు గడకర్రల కట్ట, ఇవే ఇచ్చారు. ఆ గడ వెదురును పోలిన గడ్డిజాతి మొక్క. ఫ్రాన్సు దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న వార్ ప్రాంతంలో పండిన గడకు ఓబో లోకంలో ఎక్కడలేని గిరాకీ. గడను నిలువునా మూడుగా చీల్చి, లోపలి వైపు గోకి, దాదాపు మిల్లీమీటరులో ఆరు పదోవంతుల మందానికి తెచ్చి, నానబెట్టి, నడిమికి మడిచి, అంచులు కోసి, గొట్టానికి దారంతో బిగించి కట్టాలి. ఆ తర్వాత మడతను తెగకోస్తే రెండు ఆకులు విడతాయి. అసలు చెక్కడం అప్పటికి గాని మొదలు కాదు.

ఐరోపాలో ఓబో వాళ్ళు పీక కొసన కొద్ది మేర మాత్రమే చెక్కుతారు. టబూటో కొస దగ్గర ఆగకుండా, దాదాపు దారం కట్టు దగ్గరి దాకా బెరడు తీశారు. మధ్యలో వెన్నుపూస లాగా సన్నని గీతను వదిలి, దానికి రెండు వైపులా పలచన చేశారు. ఇలా చెక్కిన పీక తక్కువ బలానికే పలుకుతుంది, పైస్థాయిలో కీచుమనదు. దాని నాదంలో ఒక చీకటి, ఒక గుండ్రదనం ఉంటాయి, పక్కనున్న వేణువుతోనూ క్లారినెట్‌తోనూ అది కలిసిపోతుంది. ఈనాడు అమెరికాలో ఓబో వాయించేవాళ్ళలో దాదాపు అందరూ వాయించేది ఈ పొడవు చెక్కుడు పీకతోనే. వాద్యానికి తగిలించకుండా పీకను మాత్రమే నోట పెట్టుకుని ఊదితే ఒక కూత వస్తుంది. అది ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి పలకాలి. పలకకపోతే కత్తి ఎక్కడ పెట్టాలో ఆ కూతే చెబుతుంది. మా టీచరుగారు వంటగదిలో ఉండి, గదిలో నేను ఊదిన కూత విని, ఎడమ ఆకు మందంగా ఉందని చెప్పేవారు. గురువుగారు వసారాలో పడుకుని మన పీకల సంగతి చెప్పడం చూసినవాణ్ణి కాబట్టి నాకు నమ్మడం కష్టం కాలేదు.

ఊపిరి విషయంలో మాత్రం నేను నేర్చినదంతా తలకిందులైంది. సన్నాయికి ఎంత ఊపిరి ఉన్నా చాలదు. ఓబోలో గాలి పోయే సందు ఎంత సన్నదంటే ఊపిరి మిగిలిపోతుంది. వాయించేవాడు కొత్తగాలి పీల్చుకోవడానికి ముందు లోపల నిలిచిపోయిన పాతగాలిని బయటికి వదలాలి. లేకపోతే గుండెనిండా గాలి ఉండగానే ఉక్కిరిబిక్కిరి అవుతాడు. అందుకే ఓబోలో గాలిని ఎంత పొదుపుగా, ఏ దిశగా నడిపిస్తున్నామన్నదే సంగీతం. టబూటో గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఆయన స్వరాలకు అంకెలు వేశారు. ఆ అంకెలు వేళ్ళకు సంబంధించినవీ కావు, తాళానికి సంబంధించినవీ కావు. ప్రతి స్వరానికి ఎంత ఒత్తిడి, ఎంత సాంద్రత ఉండాలో చెప్పే కొలతలు అవి. ఒకే స్వరాన్ని దాదాపు వినపడనంత సన్నగా ఒకటితో మొదలుపెట్టి, రెండు, మూడు, నాలుగు, ఐదు దాకా పెంచి, మళ్ళీ ఒక్కొక్క మెట్టే దిగి నిశ్శబ్దంలో కలపడం మొదటి అభ్యాసం. ప్రతి అంకె వేరుగా తెలియాలి గాని మెట్ల మధ్య అతుకు కనిపించకూడదు. నేను దీనిమీద ఒక సంవత్సరం గడిపాను. రెండో సంగతి ఇంకా లోతైనది. కాగితం మీద నాలుగు స్వరాలు తాళంలో ఒక దెబ్బ కింద గుంపుగా రాసి ఉంటే, కొత్తవాడు ఆ నాలుగింటినీ ఒక మూటగా వాయించి, తర్వాతి మూటకు వెళ్తాడు. టబూటో ఆ మూటను విప్పారు. దెబ్బ మీద పడిన మొదటి స్వరం వెనకటి ప్రయాణానికి గమ్యం. మిగిలిన రెండు, మూడు, నాలుగు స్వరాలు రాబోయే దెబ్బ వైపు నడిచేవి. అలా వాయించినప్పుడు పాట అడుగడుగునా ఆగిపోకుండా ముందుకు సాగుతుంది. కల్పనస్వరాలు వేసి ఎత్తుగడకు వచ్చి చేరడం తెలిసినవాళ్ళకు ఇది వెంటనే తలకెక్కుతుంది. మన గురువుగారు నాలుకతో కొట్టి పలికించే తుత్తుకారాలు వాయించేటప్పుడు ఆఖరి అక్షరం తర్వాతి ఆవృత్తానిదే అయినట్టు ఊదేవారని నాకు ఫిలడెల్ఫియాలో, ఒక విదేశీ పాఠం మధ్యలో అర్థమైంది.

భావం పుట్టుకతో రావాలి గాని నేర్పితే రాదని సంగీతంలో చాలామంది అంటారు. టబూటో ఆ మాట ఒప్పుకోలేదు. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ వాలుతుందో అంకెలతో చెప్పవచ్చుననీ, చెప్పినదాన్ని కూడా కొంతకాలానికి మనసు తనదిగా చేసుకుంటుందనీ ఆయన నమ్మారు. కర్టిస్‌లో ఆయన నడిపిన మేళన తరగతుల్లో ఓబో వాళ్ళే కాక ఇతర గాలివాద్యాల వాళ్ళు, తంత్రీవాద్యాల వాళ్ళు కూడా ఈ పాఠం విన్నారు.

ఆయన మెత్తని మనిషి కాదు. పాఠంలో కేకలు వేసేవారు, శిష్యులు భయంతో వణికిపోయేవారు. వంటలో మహా నేర్పరి, భోజనప్రియుడు. పుట్టగొడుగు తొక్క సరిగా తీయలేని చేతికి ఓబో ఎలా వస్తుందని ఒక శిష్యురాలిని అడిగిన ప్రశ్న ఓబో లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ శిష్యురాలు లైలా స్టోర్చ్. ఆడపిల్లలకు నేర్పడం ఆయనకు మొదట ఇష్టం లేకపోయినా ఆమె పట్టు వదలలేదు. 1945లో కర్టిస్ నుంచి ఓబోలో పట్టా పొందిన తొలి మహిళ అయ్యారు. 2008లో ఆయన జీవితచరిత్రను ప్రచురించినదీ ఆమే. ఆయన కోపాన్ని గొప్పగా చెప్పుకునే అలవాటు నాకు నచ్చదు. ఆ కోపం లేకుండానే మా టీచరుగారు అదే విద్యను నాకు నేర్పారు కాబట్టి, విద్యకు ఆ కోపం అవసరం లేదనే నా అభిప్రాయం.

1960ల నడిమికి వచ్చేసరికి ఫిలడెల్ఫియాలో డి లాన్సీ, న్యూయార్క్‌లో హెరాల్డ్ గోంబర్గ్, బోస్టన్‌లో ఆయన తమ్ముడు రాల్ఫ్ గోంబర్గ్, క్లీవ్‌లాండ్‌లో జాన్ మాక్ ప్రధాన ఓబోలుగా ఉన్నారు. నలుగురూ టబూటో శిష్యులే. వీరిలో డి లాన్సీ కథ నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. 1945లో ఆయన అమెరికా సైనికుడిగా జర్మనీలో ఉండగా, గార్మిష్‌లో వృద్ధుడైన స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్‌ను కలిసి, ఓబో కోసం కన్సర్టో, అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వాద్యం ముందుండి వాయించే కృతి, రాసే ఆలోచన ఉందా అని అడిగారు. లేదని స్ట్రాస్ ఒక్కమాటలో తేల్చేశారు. తర్వాత కొన్ని నెలలకే ఆయన ఆ కన్సర్టో రాశారు. అమెరికాలో దాన్ని తొలిసారి డి లాన్సీయే వాయించాలని కూడా ఆశించారు. అప్పటికి డి లాన్సీ ఫిలడెల్ఫియాలో టబూటో కింద చిన్న స్థానంలో ఉన్నారు. ప్రధాన స్థానంలో గురువు ఉండగా శిష్యుడు ముందుకు వచ్చి వాయించే ఆచారం అక్కడ లేదు. ఆ అవకాశం 1948లో న్యూయార్క్‌లో మిచ్ మిల్లర్ అనే ఓబో వాద్యకారుడికి దక్కింది. డి లాన్సీ ఆ కృతిని 1987లో గాని రికార్డు చేయలేదు. ఒక్క ప్రశ్నతో ఒక కృతికి పుట్టుక కల్పించినవాడు, దాన్ని తన పేరున నిలుపుకోవడానికి నలభై ఏళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది.

టబూటో 1954లో విరమించి ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళి, నీస్ నగరంలో కాలం గడిపారు. అక్కడికి కూడా శిష్యులు వెతుక్కుంటూ వెళ్ళారు. వారిలో జోసెఫ్ రాబిన్సన్ తర్వాతి కాలంలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో ప్రధాన ఓబో అయ్యారు. చివరి దినాల్లో టబూటో తన పాఠాలను మాటలతోనూ వాద్యంతోనూ టేపు మీద చెప్పి ఉంచారు. 1966 జనవరి 4న నీస్‌లో కన్నుమూశారు. ఆ టేపులను శిష్యుడు వేన్ రేపియర్ అందరికీ అందేలా చేశారు. మా టీచరుగారు వాటిని నాకు వినిపించిన రోజున, ఫ్రెంచి యాసతో బరువుగా అంకెలు చెబుతున్న ఆ గొంతు, ఆ వెంటనే ఆ అంకెలు ప్రాణం పోసుకున్నట్టు వినిపించిన ఓబో, రెండూ ఒకే పీక నుంచి వచ్చినట్టు నాకు అనిపించింది.

రెండేళ్ళ కిందట సెలవుకు వచ్చినప్పుడు నేను చెక్కిన ఓబో పీక ఒకటి తెచ్చి గురువుగారికి చూపించాను. ఆయన చూపు తగ్గింది. బొటనవేలి గోటితో దాని వీపు తడిమి, బెరడు కట్టు దాకా తీసి ఉండడం గమనించి, ఇంత కిందికి చెక్కాలని మొదట ఎవరికి తోచిందిరా అని అడిగారు. చెప్పాను. ఆ పేరు ఆయన నోట రెండుసార్లు తప్పింది, మూడోసారి వచ్చింది. విజయదశమి నాడు సన్నాయిలకు పూజ చేసేటప్పుడు చదివే గురువుల పేర్ల పుస్తకం తెప్పించి, ఆ పేరు, ఊరు, సంవత్సరాలు తెలుగులో రాసి పెట్టమన్నారు. మార్సెల్ టబూటో, కాంపియేన్, 1887–1966 అని ఆఖరి పుటలో రాసి, తడి ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచాను.