చెప్పనిదే తెలియని భాష

"నీ ఫైలు చుట్టూ చూసి ఊహించుకుంటోంది. ఊహించే ఫైలు నాకు వద్దు. ఈ వరుస తీసేయ్." నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్‌లోని మా ఆఫీసులో, అందరూ కూర్చున్న సమావేశంలో, నా కోడ్‌ను తెర మీద పెట్టి మా సీనియర్ అన్న మాటలివి. ఆవిడ గొంతు పెంచలేదు, ముఖంలో కోపం కూడా లేదు. అన్నది అని తర్వాతి ఫైలుకు వెళ్లిపోయారు. మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని రొట్టె తింటూ, సైకిలు గొలుసు తుప్పు పడుతోందని మామూలుగా కబుర్లు చెప్పారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మన దగ్గర ఇలాంటి మాట చెప్పాలంటే ముందు బయటికి పిలుస్తారు. మా గుంటూరు బ్రాడీపేటలో ఏదో ఒక లైను చివర టీ కొట్టు దగ్గర నిలబెట్టి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగి, గ్లాసు సగం అయ్యాక అసలు సంగతికి వస్తారు. వినేవాడికి పరువు మిగులుతుంది, చెప్పేవాడికి మాట దక్కుతుంది. నేను పెరిగిన పద్ధతి అదే. అందుకే ఆ రోజంతా నన్ను నలిపింది కోడ్ కంటే ముందు ఆ తీరు. తర్వాతే కోడ్ గురించి ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ రెండూ ఒకటే విషయమని అనిపించింది.

మేము వాడేది నిక్స్ అనే భాష. ఒక కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఏ సేవలు నడవాలి, ఎవరెవరికి ఖాతాలుండాలి, ఏ పోర్టు తెరిచి ఉండాలి అన్నదంతా అందులో రాస్తాం. ఆ రాతను బట్టి యంత్రం తయారవుతుంది. ఈ భాష పుట్టింది కూడా ఉట్రెక్ట్‌లోనే. అక్కడి విశ్వవిద్యాలయంలో ఈల్కో డోల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టి, 2006లో దాని మీదే డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. చాలా చిన్న భాష. లూపులు లేవు. ఒక పేరుకు ఒకసారి విలువ ఇస్తే మళ్లీ మార్చడానికి లేదు. అంత కట్టుదిట్టమైన చోట పని జరిగేది భాషతో పాటే వచ్చే బిల్టిన్ ఫంక్షన్ల వల్లే, అంటే ముందే తయారుచేసి ఇచ్చిన పనిముట్ల వల్లే. అవన్నీ 'బిల్టిన్స్' అనే ఒకే గుత్తిలో ఉంటాయి. జాబితాలోని ప్రతి అంశానికీ ఒకే పని చేయించే మ్యాప్, కావలసినవే ఏరి ఇచ్చే ఫిల్టర్, ఫైలు చదివి పెట్టే రీడ్‌ఫైల్, పేర్లన్నీ తీసిచ్చే యాటర్‌నేమ్స్. మీరు ఏ వరుసలో రాసినా యాటర్‌నేమ్స్ పేర్లను అక్షరక్రమంలోనే ఇస్తుంది. ఈ భాష స్వభావం మొత్తం ఆ ఒక్క ఫంక్షన్‌లో కనిపిస్తుంది. రాసేవాడి తొందరపాటును అది ఫలితంలోకి రానివ్వదు.

ఆవిడ తీసేయమన్న వరుసలో ఉన్నది గెట్‌ఎన్వ్. యంత్రం చుట్టూ ఉన్న వాతావరణంలోంచి, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోంచి, ఒక విలువ అడిగి తెచ్చే ఫంక్షన్ అది. యంత్రం ఏ ప్రాంతంలో ఉందో ఒక వేరియబుల్‌లో ముందే ఉంది. నా ఫైలు దాన్ని చదువుకుని టైమ్‌జోన్ ఎంచుకునేది. ఒకే ఫైలు అన్ని చోట్లా నడవాలని నేను కావాలనే అలా రాశాను, నడిచింది కూడా.

కానీ ఈ భాషలో ప్యూర్ ఎవాల్యుయేషన్ అనే ఒక పద్ధతి ఉంది. 2018లో వచ్చిన 2.0 వెర్షన్‌తో ప్రవేశించింది. 2021లో 2.4 వెర్షన్‌తో ఫ్లేక్‌లు, అంటే తాము వాడే మూలాలన్నీ ముందే పేర్కొనే నిక్స్ ప్రాజెక్టులు, వచ్చాక వాటిలో అదే మామూలు పద్ధతి అయింది. ఆ పద్ధతిలో గెట్‌ఎన్వ్‌ను ఏమడిగినా ఖాళీ స్ట్రింగే, అంటే ఒక్క అక్షరమూ లేని మాటే, ఇస్తుంది. కసురుకోదు, తప్పని చెప్పదు, ఖాళీ చేతులు చూపిస్తుంది. ఇప్పుడు టైమెంత అని చెప్పే కరెంట్‌టైమ్, ఇది ఏ రకం యంత్రం అని చెప్పే కరెంట్‌సిస్టమ్ అయితే అసలు లేనే లేవు, పిలిస్తే అలాంటిది లేదంటుంది. చుట్టూ చూడాలంటే ఆదేశం నడిపేటప్పుడు 'ఇంప్యూర్' అని మనమే తెలిసి రాయాలి.

కరెంట్‌టైమ్‌ను తీసేయడం గురించి నేను చాలా వాదించుకున్నాను. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్న లెక్కే అది. ఆ అంకె ఉట్రెక్ట్‌లో ఎంతో గుంటూరులోనూ అంతే. గోడ గడియారాలకు ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా ఉంటుంది కానీ, ఆ అంకెకు తేడా లేదు. ఊరును బట్టి మారని దాన్ని కూడా ఎందుకు వద్దంటారు? ఎందుకంటే సెకను గడిస్తే మారుతుంది. నిన్న కట్టినదే రేపు కడితే వేరేది రాకూడదని వాళ్ల పట్టుదల. ఊరు మారినా, మనిషి మారినా, ఏడాది మారినా, ఇచ్చిన వాటి నుంచి వచ్చేది ఒకటే కావాలి. ఆ పట్టుదల గొప్పదే, కాదనను. అయితే ఏ చుట్టుపక్కలను చూసి నేను మనిషినయ్యానో వాటిని చూడడమే దోషమన్నట్టు వినిపించడం నాకు కష్టంగా ఉండేది.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. తేజ రకం బస్తాలో చెయ్యి పెట్టి ఒక కాయ తుంచితే చాలు, తేమ ఎంతో, తాలు ఎంత కలిసిందో, కోల్డ్ స్టోరేజీలో ఎంతకాలం పడుకుందో చెబుతారు. రైతు ముఖం చూసి, డబ్బు ఈరోజే కావాలో, ధర కోసం ఆగగలడో చెబుతారు. ఎవరూ ఆయనకు ఏదీ చెప్పరు, అన్నీ గాలిలోంచి తెలుసుకుంటారు. ఆ ఒడుపు చూస్తూ పెరిగినవాణ్ణి, చుట్టూ చూడని ఫంక్షనే మంచి ఫంక్షన్ అంటే వెంటనే ఎలా ఒప్పుకుంటాను?

యార్డుకు వేసవి సెలవులిచ్చిన రోజుల్లో గుంటూరు వచ్చాను. నాన్న ఇంట్లో ఉన్నారు. పిన్ని కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడూ వచ్చి పక్కన కూర్చున్నాడు. సమావేశం సంగతి చెప్పాను. నాన్న నన్ను వెనకేసుకొస్తారని ఎదురుచూశాను. ఆయన కాసేపు ఆలోచించి, "కాటా పడే వరకే నా ఊహ. కాటా అయ్యాక చీటీలో ఏముంటే అదే లెక్క. నా మొహం చూసి రైతు నమ్మొచ్చు, బ్యాంకువాడు నమ్మడు కదా" అన్నారు. తర్వాత, "అయినా అందరి ముందూ అనాల్సింది కాదు" అన్నారు. రెండు మాటలూ నిజమే. మొదటిది నేను అనుకోనిది.

తమ్ముడికి పని చూపించడానికి మా పరీక్ష ఫైళ్లలో బయటికి ఇవ్వదగ్గ ఒక చిన్న దాన్ని వాడి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఫ్లేక్ లాక్ అనే ఫైలులో ప్రతి మూలానికీ ఏ కూర్పు, దాని హాష్ ఏమిటి అని రాసి ఉంటుంది. హాష్ అంటే లోపలి సరుకును బట్టి లెక్కకట్టే వేలిముద్ర లాంటి గుర్తు. ఆదేశం ఇచ్చాం. నిక్స్ కట్టినవన్నీ దాచే చోటు పేరు స్టోర్. అందులో ప్రతి ప్యాకేజీ దారిలో, అంటే అది ఉండే చోటి చిరునామాలో, పేరుకు ముందు 32 అక్షరాల హాష్ ఉంటుంది. ఏ దినుసులతో, ఏ పద్ధతిలో కట్టాలో దాన్ని బట్టి ఆ హాష్ ముందుగానే లెక్కకు వస్తుంది. ఉట్రెక్ట్ సర్వర్‌లో వచ్చిన దారీ, గుంటూరులో వాడి పాత ల్యాప్‌టాప్‌లో వచ్చిన దారీ అక్షరం తేడా లేకుండా ఒకటే. దారి ఒకటే కాబట్టి, ఎక్కడో ముందే కట్టి ఉంచినది దిగుమతి చేసుకుంటే సరిపోయింది. మధ్యలో కరెంటు పోయింది, రూటర్ ఆగింది. తిరిగొచ్చాక అప్పటికి పూర్తిగా దిగినవాటిని మళ్లీ ముట్టుకోకుండా మిగిలినవే తెచ్చుకుంది. "అన్నయ్యా, మా ల్యాబ్‌లో ఒకరి దగ్గర నడిచింది ఇంకొకరి దగ్గర నడవదు, సార్ దగ్గర అసలే నడవదు" అన్నాడు తమ్ముడు. వాడి ముఖంలో ఆశ్చర్యం చూశాక, కరెంట్‌టైమ్ మీద నా వాదన సగం చల్లబడింది.

ఆ హాష్ రాతలో ఇంకో సంగతి ఉంది. పది అంకెలూ, ఇంగ్లీషు అక్షరాల్లో ఇరవై రెండూ వాడతారు. ఇ, ఓ, యు, టి అనే నాలుగు అక్షరాలు వదిలేశారు. యంత్రం పుట్టించే ఆ గజిబిజి రాతలో పొరపాటున ఎవరినైనా నొప్పించే మాట ఏర్పడే అవకాశం తగ్గాలని అలా చేశామని డోల్‌స్ట్రా తన సిద్ధాంత గ్రంథంలోనే రాశారు. ఎవరూ చదవని హాష్‌లో కూడా ఎదుటివాడి మనసు గురించి ఆలోచించిన ఊరు అది. ఇది తెలిసినప్పటి నుంచి ఉట్రెక్ట్ మీద నా అభిప్రాయం మెత్తబడింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం స్ట్రింగ్ కాంటెక్స్ట్. బయటికి కనిపించదు. ఒక ప్యాకేజీ దారిని ఏదైనా వాక్యంలో కలిపితే, తాను ఏ ప్యాకేజీ నుంచి వచ్చిందో ఆ స్ట్రింగ్ లోపల గుర్తుంచుకుంటుంది. రెండు స్ట్రింగ్‌లను కలిపితే ఇద్దరి మూలాలూ కలుస్తాయి. సబ్‌స్ట్రింగ్ అనే బిల్టిన్‌తో ముక్కలు కోసినా మూలం పోదు. సున్నా అక్షరాలు మిగిల్చి పూర్తిగా ఖాళీ చేసినా, ఆ ఖాళీ స్ట్రింగ్‌కు తన పుట్టుక తెలుసు. అందుకే ఆ ఖాళీ స్ట్రింగ్‌ను ఇంకో స్ట్రింగ్‌కు అతికించి మూలాన్ని మాత్రమే అందించే ఫంక్షన్ నిక్స్ ప్యాకేజీల లైబ్రరీలో ఉంది. మూలాన్ని తుడిచేసే బిల్టిన్ కూడా ఒకటుంది. కానీ అది ప్రమాదకరమని దాని పేరులోనే హెచ్చరిక పెట్టారు. చుట్టూ చూడనంటుందని నేను నొచ్చుకున్న భాష, పుట్టిన చోటును మాత్రం ఇంత పట్టుగా మోస్తుందని తెలిసిన రాత్రి ఉట్రెక్ట్‌లోని నా గదిలో చాలాసేపు మేలుకునే ఉన్నాను. పచ్చడి జాడీ మీద అమ్మ రాసిన తేదీ కనిపిస్తోంది. అక్కడి డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ చీకట్లో ఇలాంటివి మనసులో ఎక్కువసేపు ఉంటాయి.

ఆ చలికాలంలోనే నాకు జ్వరం వచ్చి మంచం పట్టాను. సెలవు అని మాత్రం రాశాను, ఎందుకో రాయలేదు. ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు. గుంటూరులో అయితే తలుపు తీయడం ఆలస్యమైందంటేనే పక్కింటి పిన్నిగారు చారు గిన్నెతో వచ్చేస్తారు. ఆ దిగులు పట్టలేక, మా సీనియర్‌కు ఉన్నదున్నట్టు సందేశం పంపాను: జ్వరం, వంట చేసుకునే ఓపిక లేదు. గంటలోపు ఆవిడ వానలో సైకిలు తొక్కుకుంటూ బఠాణీ సూపు తెచ్చారు. "ముందే చెప్పి ఉంటే ముందే వచ్చేదాన్ని" అన్నారు. అందులో నిందేమీ లేదు. ఆమెకు చెప్పందే తెలియదు, తెలిశాక ఆలస్యం లేదు, అంతే.

ఆ సూపు నేను మరవను. అయినా నా వాదన వదులుకోను. యంత్రానికి పెట్టిన నియమాన్ని వాళ్లు మనుషులకూ పెట్టుకున్నారు. కంప్యూటర్ ఊహించకూడదు, నిజమే. దాని ఊహ తప్పితే ఎక్కడో ఒక ఆసుపత్రిలోనో బ్యాంకులోనో పని ఆగుతుంది. మనిషి మాత్రం ఊహించాలి. మంచంలో ఉన్నవాడికి అడిగే ఓపిక కూడా ఉండదని ఎవరో ఒకరు ముందే తెలుసుకోవాలి. ఈ రెండో దానిలో మన ఊరి వాళ్లకు ఉన్న చదువు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. దాన్ని అనాగరికమనో, కలగజేసుకోవడమనో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కోడ్ విషయానికొస్తే, గెట్‌ఎన్వ్ వరుస ఇప్పుడు లేదు. ప్రాంతం పేరును ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంటుగా పైనుంచి అందిస్తున్నాను. అలా చేస్తే చుట్టుపక్కల సంగతి లోపలికి వస్తూనే ఉంటుంది, కానీ గుమ్మం దగ్గర పేరు చెప్పి వస్తుంది. ఇవ్వడం మరిస్తే ఫలానా ఆర్గ్యుమెంటు లేదని అక్కడే ఆగి చెబుతుంది. గెట్‌ఎన్వ్ చూపించే ఖాళీ చేతి కంటే ఇది నయం. పని సాగని చోట మౌనంగా సాగినట్టు నటించదు. ఈ మార్పు నాకు నచ్చి చేశాను. సమావేశంలో అలా అనడం గురించి కూడా ఆవిడతో మాట్లాడాను, మా దగ్గర ఎలా చెబుతారో వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "నీకు అలా కావాలంటే అలాగే చెబుతాను" అన్నారు. అప్పటి నుంచి నాతో విడిగానే మాట్లాడుతున్నారు.

తమ్ముడు ఇప్పుడు నాన్న కొట్టులోని పాత కంప్యూటర్‌కు నిక్స్‌ఓఎస్, అంటే నిక్స్ మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్, పెడుతున్నాడు. తెలుగు ఫాంట్లు వచ్చాయి, లెక్కల ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. టైమ్‌జోన్ వరుసలో ఆసియా, కోల్‌కతా అని దేనినీ అడగకుండా చేత్తో రాశాడు. ప్రింటర్ మాత్రం ఇంకా పలకడం లేదు. దాని మోడల్ పేరు వెనక చిరిగిపోయిన చీటీ మీద ఉందట, యార్డు తెరవగానే వెళ్లి చూసి ఫోన్ చేస్తానన్నాడు.