అక్క ఫోన్ ఎత్తడం లేదు

మూడు రోజులైంది. పోయిన ఆదివారం చర్చిలో నేనన్న మాటకే కోపం వచ్చుంటుందని నాలో నేనే అనుకుని, పొద్దున్న రాయగడ స్టేషన్‌లో విజయనగరం బండి కోసం కూర్చున్నంతసేపూ అదే తిప్పి తిప్పి తలచుకున్నాను, చేతిలో టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఒకటే టెన్షన్. అప్పుడు బైబిల్లో ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, 4వ అధ్యాయం తీశాను. చింతపడొద్దని 6వ వచనంలో చెప్పిన పౌలు, 8లో ఏవి సత్యమో వాటి మీద ధ్యానముంచమంటాడు, అదీ సంకెళ్లలో ఉండి రాస్తూ. సత్యం! నేను నమ్మింది నా ఊహని. అక్క గురించి నాకు తెలిసిన నిజం వేరే, నాన్న పోయిన రాత్రి తెల్లారేదాకా తను నా చెయ్యి వదల్లేదు. అదే తలచుకుంటూ ప్రార్థన చేసుకున్నాను, గుండె దడ తగ్గింది. ఫోన్ ఇంకా ఎత్తలేదు. పార్వతీపురంలో దిగి నేరుగా వాళ్లింటికే వెళ్తున్నా.