కాలవగట్టు మీద 6 కేజీల స్ప్రింగ్

రావులపాలెం దాటేదాకా నా పాత స్విఫ్ట్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. హైదరాబాద్ నుంచి హైవే అంతా రోడ్డుకి అతుక్కుని వచ్చింది. తొంభై వేలు పెట్టి వేయించిన కాయిలోవర్లు (స్ప్రింగూ షాకూ కలిసి, ఎత్తు మార్చుకోవడానికి వీలుండే సెట్టు) మరి! ముందు 6 కేజీల స్ప్రింగులు, వెనక 5 కేజీలవి. అంటే ముందు స్ప్రింగ్ ఒక్క మిల్లీమీటరు దిగాలంటే 6 కేజీల బరువు పడాలి. ఎవరి కారుకో అవే వేశారని విని, నేనూ అవే అడిగాను.

కొత్తపేట వైపు కాలవగట్టు ఎక్కాక తెలిసింది. ఆ గట్టు రోడ్ల సంగతి అటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. గుంటలుండవు, తారు బాగానే ఉంటుంది. కింద మాత్రం నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. 60లో వెళ్తుంటే బండి ముక్కు లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. లేచినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో తేలికైపోతోంది. వెనక కూర్చున్న అమ్మ నా సీటు రెండు చేతులతో పట్టుకుని, "నెమ్మదిగా పోనీరా, నడుం విరిగిపోతోంది" అంది. 40కి తగ్గిస్తే బండి కుదురుకుంది. మళ్లీ 60కి వెళ్తే అదే ఎగురుడు. అమలాపురం, రాజోలు ఎప్పుడు దాటామో గుర్తు లేదు. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం కూడా అమ్మ నడుం పట్టుకునే చేసుకుంది. నాకు బాధేసింది.

మావయ్య వాళ్లది పాలకొల్లు. దిండి మీంచి చించినాడ వంతెన ఎక్కితే సరిపోయేది. మళ్లీ అంత వెనక్కి ఎందుకని సఖినేటిపల్లి రేవులో కారుని పంటు (బళ్లని నది దాటించే పడవ) ఎక్కించాను. కిందకి దింపిన కారుతో ఆ పని చేయకూడదు. పలకల మీదికి ఎక్కేటప్పుడు ముందు బంపర్ కింద గర్రుమని గీసుకుంది. వశిష్ఠ గోదావరి మీద ఆ కాస్త దూరానికి కారుకి తీసుకున్న డబ్బులు కూడా ఎక్కువే అనిపించింది.

కానీ అసలు విషయం పంటు మీదే తెలిసింది. బయల్దేరేముందు ముందు షాక్ రాడ్‌కి ఒక కేబుల్ టై బిగించి ఉంచాను. రాడ్ ఎంత లోపలికి వెళ్తే టై అంత జరుగుతుంది, వెనక్కి రాదు. రేవులో నిలబడి, కాయిలోవర్లు వేసిన వర్క్‌షాప్‌కి ఫోన్ చేస్తే, "బంప్ స్టాప్ కొడుతోంది, 8 కేజీలు వేసేద్దాం" అన్నారు. షాక్ చివరిదాకా దిగితే తగిలే రబ్బరు ముక్కే బంప్ స్టాప్. పంటు కదిలాక పలకల మీద పడుకుని, చక్రం వెనక టార్చి వేసి చూశాను. టై పైన ఇంకా 18 మిల్లీమీటర్లు ఖాళీ. బంప్ స్టాప్ దాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు! దిగడానికి చోటుండి కూడా స్ప్రింగ్ దిగలేదు. 8 వేసి ఉంటే ఇంకా నాశనమయ్యేది.

మర్నాడు మావయ్యని రైస్‌మిల్లు కాటాకి తీసుకెళ్లమన్నాను. "ఖాళీ కారుకి కాటా ఏంటండీ?" అని ఆపరేటర్ ఆశ్చర్యపోయాడు. ముందు చక్రాలే ఎక్కిస్తానంటే "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నాడు. ముందు 590, వెనక 370. చీటీకి యాభై రూపాయలు.

ముందు ఒక్కో చక్రం మీద 295 కేజీలు. అందులో చక్రం, బ్రేకు, హబ్ స్ప్రింగ్ మోసేవి కావు. అవి తీసేస్తే 260 అనుకున్నాను. స్ట్రట్, అంటే ముందు షాకూ స్ప్రింగూ ఉన్న కాలు, కొంచెం వాలుగా ఉంటుంది కాబట్టి 6 కేజీల స్ప్రింగ్ చక్రం దగ్గర 5.4గా పని చేస్తుంది. ఆ లెక్కన బండి సెకనుకి 2.27 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు 1 నుంచి 1.5, హుషారుగా నడిపే రోడ్డు కార్లు 2 లోపు. నాది రేసు బండి లెక్క. వెనక స్ప్రింగ్ టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే దూలం) మీద చక్రానికంటే ముందుకి ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే నిష్పత్తి 0.8. దాన్ని రెండుసార్లు గుణించాలి, ఎందుకంటే స్ప్రింగ్ కదలడమూ తక్కువే, దాని బలం చక్రం దాకా చేరేదీ తక్కువే. అలా 5 కేజీలు 3.2 అయింది.

చీటీ చూసి మావయ్య, "అల్లుడూ, మన మిల్లు లారీ గుర్తుందా?" అన్నాడు. గుర్తు లేకపోవడమేంటి! చిన్నప్పుడు బస్తాలతో వెళ్లేటప్పుడు కేబిన్‌లో నిద్రపోయేవాళ్లం. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తల పైకప్పుకి కొట్టుకునేది. పది టన్నులకి కట్టిన కమాన్లు ఖాళీ లారీకి దిగవు కదా. నా కారుదీ అదే పరిస్థితి.

తిరుగు ప్రయాణంలో అదే గట్టు మీద ఆపి అడుగులేసి కొలిచాను. అలకీ అలకీ మధ్య ఏడున్నర మీటర్లు. 60లో బండి సెకనుకి 16.7 మీటర్లు పోతుంది, అంటే సెకనుకి 2.2 అలలు. బండి ఊగే వేగమూ దాదాపు అదే! ప్రతి అలా సరిగ్గా ఊగే సమయానికే తోస్తోంది. అమ్మ నడుం ఎందుకు విరిగిందో అక్కడ అర్థమైంది.

దారిలోనే ఫోన్ చేసి స్ప్రింగులు చెప్పాను. ముందు 3.5, వెనకా 3.5. అప్పుడు సెకనుకి ముందు 1.74, వెనక 1.87 సార్లు ఊగుతుంది. వెనకది కొంచెం ఎక్కువుంటే ముందు చక్రం ఎక్కిన గతుకు ఊపుని అది అందుకుంటుంది. ఈ స్ప్రింగులతో అదే ఊపు 60 బదులు 47 వేగం దగ్గరికి దిగుతుందని తెలుసు. కానీ స్ప్రింగ్ మెత్తబడితే అదే షాక్ దాన్ని ఇంకా బాగా పట్టుకుంటుంది. ముందు చక్రం దగ్గర 34 మిల్లీమీటర్లు ఎక్కువ దిగుతుంది కాబట్టి స్ప్రింగ్ కూర్చునే రింగు పైకి తిప్పాలి. ఎత్తు ఇంకో 15 పెంచుతాను, పంటు పలకలూ తగలవు. మలుపులో ఒరిగితే వెనక యాంటీ రోల్ బార్ (ఒరుగుడు తగ్గించే కడ్డీ) చూస్తాను. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది అడ్డురాదు.

"అందరూ గట్టివి అడుగుతుంటే మీరు మెత్తవి అడుగుతారేంటండీ" అన్నాడు అవతలి కుర్రాడు. నాలుగింటికి పదహారు వేలు, రావడానికి మూడు వారాలు. కాటా చీటీ ఫొటో తీసి పంపించాను.