బిళ్ళ కాదు, మధ్యలో ఏముందో చూడండి

కారు వెనకాల ‘ఏడబ్ల్యూడీ’ బిళ్ళ ఉంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే ఏర్పాటు ఉందని మాత్రమే అర్థం. ఎప్పుడు అందుతుంది, ఎంత అందుతుంది, ఎంతసేపు అందుతుంది అన్నవి బిళ్ళ చెప్పదు. అవి తెలియాలంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఏం పెట్టారో చూడాలి.

అసలు మధ్యలో ఏదో ఒకటి ఎందుకు? మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా పెద్ద వలయంలో తిరుగుతాయి, అంటే ఎక్కువ దూరం నడుస్తాయి. రెండు ఇరుసుల్నీ గట్టిగా కట్టేస్తే ఆ తేడాకి దారి ఉండదు. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ అంటే అచ్చంగా ఇదే. బురదలో, ఇసుకలో టైరు కాస్త జారి తేడాని సర్దేస్తుంది. పొడి తారు మీద ఫోర్‌వీల్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మాత్రం బండి గింజుకుంటుంది, టైర్లు కీచుమంటాయి, లివర్ టూవీల్‌లోకి వెనక్కి రాదు. దాన్ని బలవంతంగా లాగకండి. తిన్నగా కొన్ని మీటర్లు రివర్స్ చేస్తే గేర్ల మీద బిగువు వదిలి, లివర్ తేలిగ్గా వచ్చేస్తుంది.

మధ్యలో మామూలు డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) పెడితే ఈ బాధ పోయి ఇంకోటి వస్తుంది. అది రెండు ఇరుసులకీ సమానంగా టార్క్, అంటే తిప్పే బలం, పంచుతుంది కాబట్టి, ముందు ఇరుసు 20 న్యూటన్ మీటర్లకే జారిపోతే వెనక్కీ 20 మాత్రమే వెళ్తుంది. 1980 నాటి ఆడి క్వాట్రోలో అందుకే దాన్ని చేత్తో లాక్ చేసే ఏర్పాటు పెట్టారు. తర్వాత వచ్చిన టోర్సెన్ రకం డిఫరెన్షియల్‌లో లాక్ చేసే పని లేదు. దాని గేర్ల అమరిక వల్ల, పట్టు తక్కువున్న వైపు ఎంత మోస్తే అవతలికి దానికి కొన్ని రెట్లు వెళ్తుంది. ఆ నిష్పత్తి 3 అనుకుంటే 20కి 60. చిక్కు కూడా అక్కడే ఉంది: ఒక చక్రం గాల్లో ఉండి ఆ ఇరుసు మోసేది సున్నా అయితే, మూడు సున్నాలూ సున్నాయే. అప్పుడు బ్రేకు కొద్దిగా తొక్కి పట్టి యాక్సిలరేటర్ ఇస్తే గాల్లో చక్రానికి అడ్డు దొరికి, దానికి తగ్గ బలం అవతలికి పోతుంది. ఇప్పటి కార్లలో ఈ పని ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) పంపు తానే చేస్తుంది.

ఇంజను అడ్డంగా కూర్చున్న కార్లలో ఎక్కువగా కనిపించేది వెనక డిఫరెన్షియల్ ముందు ఉండే మల్టీప్లేట్ క్లచ్, అంటే ఒకదానికొకటి ఒత్తుకుని బలాన్ని అందించే పలకల దొంతర. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో హాల్డెక్స్ అంటారు. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. క్లచ్ బిగిస్తే వెనకవీ కలుస్తాయి. తొలి హాల్డెక్స్‌లో ముందు, వెనక ఇరుసుల వేగంలో తేడా వస్తేనే నూనె ఒత్తిడి పుట్టేది, అంటే ముందు చక్రం కాస్తయినా జారాలి. తర్వాతి తరాల్లో కరెంటు పంపు ఒత్తిడిని సిద్ధంగా ఉంచుతుంది కాబట్టి ఆ జారుడు దాదాపు కనబడదు. ఇక బ్రోచర్లో ‘అవసరమైతే 100 శాతం వెనక్కి’ అని రాసేదంతా మాటల గారడీ. క్లచ్ పూర్తిగా బిగిసినా రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరుగుతాయి, అంతే. ఎవరికి పట్టు ఉంటే బలం వాళ్ళది. ముందు చక్రాల కింద నున్నటి మంచు ఉంటే తప్ప ఆ 100 రాదు.

ఐదో తరం హాల్డెక్స్‌లో విడిగా ఫిల్టర్ లేదు. పంపు మూతి దగ్గర సన్నని జల్లెడ ఉంటుంది. ప్లేట్లు అరిగిన పొడి అక్కడ పేరుకుంటే పంపు నూనె లాగలేక వేడెక్కి, చివరికి కాలిపోతుంది. చాలాచోట్ల సర్వీసు అంటే నూనె మార్చి పంపేయడమే. జల్లెడ జోలికి పోరు. సరైన పద్ధతి: నూనె వంచేయాలి, పంపు ఊడదీయాలి, జల్లెడని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి, కొత్త ఓరింగులు వెయ్యాలి, నింపే రంధ్రం నుంచి పొర్లేదాకా నూనె పొయ్యాలి, స్కానర్‌తో పంపు తిప్పి మళ్ళీ మట్టం చూడాలి. పట్టేది లీటరు లోపే. మూడేళ్ళకోసారి చేయిస్తే చాలు. పంపు పోయినా డాష్‌బోర్డ్ మీద లైటు వెలగకపోవచ్చు. కంకర మీద గట్టిగా బయల్దేరి చూడండి. ముందు చక్రాలు ఆగకుండా తిరుగుతూ వెనకవి కదలకపోతే అనుమానించాల్సిందే.

బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌దీ క్లచ్చే గానీ తిరగేసి ఉంటుంది: వెనక చక్రాలు ఎప్పుడూ లాగుతాయి, క్లచ్ కలిపేది ముందువాటిని. సుబారులో ఇంకో తమాషా. మాన్యువల్ గేర్‌బాక్స్‌తో వచ్చిన చాలా మోడళ్ళలో విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో రెండు వైపుల్నీ కలిపే డబ్బా) ఉన్న సెంటర్ డిఫరెన్షియల్, అదే మోడల్ ఆటోమేటిక్‌లో మల్టీప్లేట్ క్లచ్. బిళ్ళ మాత్రం ఒకటే. విస్కస్‌లోని సిలికోన్ ద్రవం పాతబడి చిక్కబడితే, పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతున్నప్పుడు బండిని ఎవరో వెనక్కి పట్టినట్టుంటుంది. దాన్ని బాగుచేయడం కుదరదు, మార్చడమే.

వీటన్నిటినీ చంపేది టైర్లు. లెక్క చూడండి. కొత్త టైరు చుట్టుకొలత 2 మీటర్లయితే కిలోమీటరుకి 500 చుట్లు. ట్రెడ్ (టైరు మీది గాడుల లోతు) 3 మిల్లీమీటర్లు అరిగితే చుట్టుకొలత దాదాపు 19 మిల్లీమీటర్లు తగ్గి, చుట్లు 505 అవుతాయి. ముందు కొత్త జత, వెనక పాత జత ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా కిలోమీటరుకి ఆ 5 చుట్లూ క్లచ్చే మింగాలి. వెనక ఇరుసుకి బలం మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కన్నా వేగంగా తిరుగుతుంది కనుక దాని దగ్గర తేడా ఇంకా ఎక్కువ. సుబారు ఒప్పుకునే తేడా చుట్టుకొలతలో 6.4 మిల్లీమీటర్లు, అంటే ట్రెడ్‌లో 1 మిల్లీమీటరు. పక్కమీద ఒకే సైజు రాసి ఉన్నా కంపెనీ మారితే చుట్టుకొలత మారొచ్చు. గాలి సమానంగా పెట్టి, టేపుతో చుట్టూ కొలిచి చూసుకోండి.

రెండు మోటార్ల ఎలక్ట్రిక్ కార్లకి ఈ బెడద లేదు. ఇరుసుల మధ్య ఇనుము లేదు, తేడాని సాఫ్ట్‌వేర్ సర్దుతుంది. టయోటా ఈ-ఫోర్ లాంటి హైబ్రిడ్లూ అంతే, కాకపోతే వెనక మోటారు చిన్నది. బురదలోంచి బయటపడటానికి సరిపోతుంది గానీ, పొడుగాటి ఇసుక దారిలో గంటసేపు లాగమంటే వేడెక్కుతుంది.

దారిలో ఆగిపోతే వీటిలో ఏ రకమైనా రెండు చక్రాలు ఎత్తి లాక్కెళ్ళనివ్వకండి. నాలుగూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్డే పిలవండి.