గైడ్ గట్టిగా నిలవాలంటే ముందు దాని కాలు చూడాలి

నర్సంపేటలో నాది మోటార్ వైండింగ్ షాపు. పగలంతా బోరు మోటార్లు, బావి మోటార్లు. రాత్రి షట్టర్ సగం దించాక అదే బల్ల మీద ఫిషింగ్ రాడ్లు కడతాను. చుట్టుపక్కల ఊళ్లల్లో రబ్బరు కప్పతో కొర్రమట్టలు పట్టే పిల్లలకు ఈ సంగతి తెలుసు. గైడ్, అంటే రాడ్ మీద లైన్ దూరిపోయే రింగు, ఊడిందనో వదులైందనో రాడ్లు పట్టుకొస్తుంటారు. "అన్నా, గీ రింగు ఊగుతాంది, జర గమ్ము పెట్టియ్యరాదే" అంటారు. గమ్ము పెట్టడం నిమిషం పని. అయినా నేను పెట్టను. క్విక్ గమ్ము ఆరాక పెళుసుగా ఉంటుంది, రాడ్ ఏమో విసిరినప్పుడల్లా వంగుతుంది. నాలుగు విసుర్లకే అది పగిలి, గైడ్ మళ్లీ చేతికొస్తుంది. పైగా ఆ గమ్మును గీకి తీయడంలో బ్లాంక్, అంటే రాడ్ అసలు కర్ర, పాడవుతుంది. అందుకే వచ్చినవాళ్లను కూర్చోబెట్టి గైడ్ ఎట్లా నిలుస్తుందో చెబుతుంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

గైడ్‌ను పట్టి ఉంచేది దారం. దాని మీద పూసే ఎపాక్సీ జిగురు పని ఆ దారం కదలకుండా, చిట్లకుండా, లోపలికి నీళ్లు పోకుండా చూడటం. మోటార్ కాయిల్స్ కూడా అంతే. కాయిల్ చివర్లను దారంతో కట్టి ఆ తర్వాత వార్నిష్ పోస్తాం. కట్టు వదులుగా ఉంటే ఎంత వార్నిష్ పోసినా మోటార్ తిరిగేటప్పుడు కాయిల్ అదిరి ఇన్సులేషన్ పోతుంది. మరి దారం సరిగ్గా పట్టాలంటే దాని కింద ఉండే గైడ్ కాలు, అంటే బ్లాంక్ మీద ఆనే లోహపు భాగం, సరిగ్గా ఉండాలి. చాలామంది దారం దగ్గర మొదలుపెడతారు. నేను కాలి దగ్గర మొదలుపెడతాను.

దారం మీద ఎంత బరువు పడుతుందో ముందు చూడండి. స్పిన్నింగ్ రాడ్‌కు గైడ్లు కింది వైపు ఉంటాయి. చేప లాగితే రాడ్ వంగుతుంది, లైన్ మాత్రం తిన్నగా సాగాలని చూస్తుంది. అట్లా సాగుతూ ఒక్కో గైడ్‌ను బ్లాంక్ నుంచి కిందికి పీకుతుంది. ఆ పీకుడుకు ఎదురు నిలిచేది దారం ఒక్కటే. బెయిట్ కాస్టింగ్ రాడ్‌కు గైడ్లు పైన ఉంటాయి కాబట్టి లైన్ వాటిని బ్లాంక్ మీదికే అదుముతుంది, కాకపోతే రాడ్‌ను పక్కకు తిప్పేయాలని చూస్తుంది. ఇక కొర్రమట్ట సంగతి మీకు తెలిసిందే. కప్పను నోట కరచుకోగానే తుంగలోకో గుర్రపుడెక్క కిందికో దూరుతుంది. లైన్ వదిలి ఆడించే సమయం ఉండదు, ఒక్క గుంజు గుంజాల్సిందే. అందులోనూ బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లి చేసింది) సాగదు, దెబ్బ అంతా నేరుగా గైడ్ల మీద పడుతుంది.

కొత్త గైడ్ చేతిలోకి తీసుకుని దాని కాలి కొనను గోటి మీద గీసి చూడండి. చాలా గైడ్లకు అక్కడ చిన్న మెట్టు తగులుతుంది, ఒక్కోసారి సన్నటి రేకు ముక్క లాంటి బొడిపె కూడా ఉంటుంది. దారం బ్లాంక్ మీద నుంచి కాలి మీదికి ఎక్కేటప్పుడు ఆ మెట్టు దగ్గర జారిపోతుంది లేదా ఎడం వస్తుంది. మార్కర్‌తో కాలి పైభాగానికి నల్లరంగు పూసి, సన్నపు ఆకురాయితో కొన వైపు వాలుగా అరగదీస్తాను. రంగు ఎక్కడ మిగిలిందో చూస్తే ఎక్కడ ఇంకా అరగలేదో తెలిసిపోతుంది. కొన పల్చగా కావాలి కానీ కత్తి అంచు కాకూడదు. తర్వాత 400 నంబరు ఎమరీ, ఆ పైన 600.

కాలి అడుగు భాగం ఇంకా ముఖ్యం. కార్బన్ బ్లాంక్ గోడ చాలా పల్చన, కొస వైపు పోయేకొద్దీ మరీ. కాలి అడుగున పదునైన అంచు ఉంటే దారం బిగించినప్పుడు అది బ్లాంక్‌లోకి దిగుతుంది. చేప పడినప్పుడు రాడ్ సరిగ్గా అక్కడే టక్కున విరుగుతుంది, మనమేమో బ్లాంక్ మంచిది కాదనుకుంటాం. అడుగున అంచులన్నీ గుండ్రంగా తీయండి. తర్వాత గైడ్‌ను బ్లాంక్ మీద ఆనించి లైటుకు ఎదురుగా పట్టి చూడండి. కాలికీ బ్లాంక్‌కూ మధ్య వెలుతురు కనిపిస్తే నోస్ ప్లయర్‌తో కాలిని కొద్దికొద్దిగా వంచి సరిచేయాలి. కాలు పొడవునా ఆనాలి. ఈ ఒక్క పనికి రాడ్ కట్టే సమయంలో సగం పోయినా నాకు ఫరవాలేదు. చివరగా స్పిరిట్ గుడ్డతో కాలినీ బ్లాంక్‌నూ తుడిస్తే చేతి నూనె, ఇనుప పొడి పోతాయి.

గైడ్లు ఎక్కడ పెట్టాలన్నదానికి లెక్కల పట్టికలు దొరుకుతాయి. ఏడడుగుల రాడ్‌కు టిప్ (కొసన ఉండే రింగు) కాకుండా ఏడెనిమిది గైడ్లు మామూలు. పట్టిక ప్రకారం టేపు వేసి నిలబెట్టాక, లైన్ ఎక్కించి కొసకు బరువు కట్టి రాడ్‌ను వంచి చూడండి. లైన్ బ్లాంక్ వంపును అనుసరిస్తూ పోవాలి. రెండు గైడ్ల మధ్య లైన్ వంపును వదిలి అడ్డంగా కోస్తూ పోతుంటే ఆ గైడ్లను దగ్గరికి జరపాలి. ఇది కూడా గట్టిదనానికి సంబంధించిన పనే. దూరం ఎక్కువైన చోట ఒక్క గైడ్ మీదే బరువంతా పడి, దాని దారం ముందు అలిసిపోతుంది.

ఇక దారం. మామూలు రాడ్లకు 'A' సైజు నైలాన్ దారం చాలు. పెద్ద చేపలకు కట్టే బరువైన రాడ్లకు ఇంకా లావుగా ఉండే 'D' సైజు వాడతారు. కుట్టుమిషనుకు దారం మీద ఒత్తిడి పెట్టే రెండు బిళ్లలు, స్ప్రింగు ఉంటాయి కదా, పాత మిషనువి తీసి బల్లకు బిగించాను. దారం ఎంత టెన్షన్‌లో రావాలో మరతో పెట్టుకుంటే మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా ఒకేలా వస్తుంది. చేత్తో పట్టి లాగితే అలసట కొద్దీ మారుతుంది.

కాలి కొనకు మూడు మిల్లీమీటర్ల ముందు బ్లాంక్ మీదే మొదలుపెట్టాలి. దారం కొసను చుట్ల కిందికి తోసి అయిదారు చుట్లు దాని మీదుగా వేస్తే అదే బిగుసుకుంటుంది. మిగిలిన కొసను కోసేయొచ్చు. అక్కడి నుంచి దారాన్ని కాకుండా రాడ్‌ను తిప్పుతూ కాలి మీదికి ఎక్కించాలి. నేను అరంగుళానికి ఒకసారి ఆగి, నున్నటి ప్లాస్టిక్ ముక్కతో చుట్లను వెనక్కి నెట్టి ఒకదానికొకటి ఆనిస్తాను. ముగింపుకు ఆరేడు చుట్లు ఉందనగా వేరే దారం ముక్కను మడిచి, ఆ మడతను చుట్ల కింద పెట్టాలి. ఆ ఆరేడు చుట్లు అయ్యాక కొసను మడతలో దూర్చి లాగితే అది చుట్ల కింద నుంచి బయటికి వస్తుంది. కొత్త బ్లేడుతో దాన్ని కోసేయాలి. పాత బ్లేడు దారాన్ని కోయదు, పీకుతుంది.

ఒంటికాలు గైడ్లకు ఇంకో జాగ్రత్త. రెండు కాళ్ల గైడ్‌ను రెండు వైపులా దారం పట్టుకుంటుంది. ఒంటికాలు గైడ్ మాత్రం లైన్ పదేపదే లాగితే దారం కింద నుంచి ముందుకు జారొచ్చు. అందుకే దారాన్ని రింగు మొదలు దాకా తెచ్చి, దాని ముందు వైపుకు దాటించి మూడు నాలుగు చుట్లు వేసి, మళ్లీ వెనక్కి తెచ్చి ముగించాలి. రాడ్ కట్టేవాళ్లు దీన్ని ఫోర్హన్ లాక్ అంటారు. దానికి పట్టేది రెండు నిమిషాలు. నా రాడ్లలో ఒంటికాలు గైడ్ ఏదీ ఇది లేకుండా ఉండదు.

దారం ఎంత బిగువుగా ఉండాలి? చుట్టడం అయ్యాక గైడ్‌ను వేలితో తాకితే కదలకూడదు. బొటనవేలితో గట్టిగా నొక్కి తోస్తే మాత్రం వెంట్రుకవాసి జరగాలి. అస్సలు జరగకపోతే మరీ బిగించారన్నమాట. అది బ్లాంక్‌ను నలుపుతుంది, గైడ్ల వరసను సరిచేసుకునే వీలూ ఉండదు. అన్నీ కట్టాక రాడ్ మొదలు దగ్గర కన్ను పెట్టి టిప్ దాకా చూసి, పక్కకు పోయినవాటిని వేలితో నెట్టి వరసకు తేవాలి. ఎపాక్సీకి ముందు ఇదే ఆఖరి అవకాశం.

దారం రంగు మారకుండా కలర్ ప్రిజర్వర్ అని ఒకటి పూస్తారు. అందం కోసమే అయితే పూయండి. నేను పూయను. అది దారాన్ని ముందే నింపేస్తే ఎపాక్సీ బ్లాంక్ దాకా ఇంకదు. దారం ముదురు రంగుకు మారినా నాకు ఇంకడమే ముఖ్యం.

ఎపాక్సీ రెండు భాగాలు సమానంగా కలపాలి. ఒక్కోదానికి ఒక్కో సిరంజీ, ఒకటి ఇంకోదానికి వాడొద్దు. బుడగలు రాకుండా రెండు మూడు నిమిషాలు నిదానంగా తిప్పి, వెంటనే అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పోసేయాలి. గిన్నెలోనే ఉంచితే వేడెక్కి గట్టిపడుతుంది, మన ఎండాకాలంలో మరీ తొందరగా. కాలికి రెండు పక్కలా దారం కింద సన్నటి సొరంగం మిగులుతుంది. బ్రష్‌తో అక్కడ ఎపాక్సీ పట్టించి, లోపలికి పీల్చుకునేదాకా ఆగాలి. అది ఖాళీగా ఉండిపోతే నీళ్లు చేరి కాలు తుప్పు పడుతుంది, గైడ్ లోపల్లోపలే వదులవుతుంది. రాడ్ తిప్పడానికి నిమిషానికి అయిదారు చుట్లు తిరిగే కూలర్ స్వింగ్ మోటార్ పెట్టాను. ఎపాక్సీ జారడం మానేసేదాకా అది తిరుగుతూనే ఉండాలి. ఒకే మందపు పూత కన్నా రెండు పల్చటి పూతలు మేలు. ముసురు పట్టిన రోజు నేను అసలు మొదలుపెట్టను, తేమకు పైపొర మసకబారుతుంది. మర్నాటికి చేతికి అంటకపోయినా, పూర్తిగా గట్టిపడటానికి ఇంకా కొన్ని రోజులు ఆగి చెరువుకు తీసుకుపోండి.

పాత రాడ్ మీద గైడ్ మార్చాలంటే కత్తి ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. హెయిర్ డ్రయర్‌తో ఎపాక్సీని కాస్త వేడి చేసి మెత్తబడ్డాక, గైడ్ కాలి మీదుగా, లోహం పైనే పొడవునా గీయాలి. పక్కన గీస్తే కత్తి కార్బన్‌కు తగులుతుంది. కాలి మీద తెగిన దారాన్ని గోటితో లేపితే పొరలుగా ఊడొస్తుంది. కింద బ్లాంక్ మీద కాలి అచ్చు గుంటగా పడి ఉంటే, కొత్త గైడ్‌ను అదే చోట పెట్టకుండా అర అంగుళం జరిపి, ఆ గుంట మీద ఒట్టి దారం చుట్టి ఎపాక్సీ పూయండి.